పారిస్ కార్నర్‌లో ఒక పూట

మా చిన్నతనంలో మా నాయన రెండు నెలలకొకసారి మద్రాసు వెళ్ళి అంగడికి సరుకు తెచ్చేవారు. తిరిగి వచ్చిన రాత్రి అన్నం తింటూ, "పారిస్ కార్నర్‌లో ఎండ మాడ్చేస్తోంది" అనో, "పారిస్ కార్నర్‌లో కాలు పెట్టడానికి సందు లేదు" అనో మా అమ్మతో చెప్పేవారు. పారిస్ అనేది ఫ్రాన్సు దేశంలో ఉందని మా అక్క భూగోళం పుస్తకంలో చదివింది. రాత్రి రైలెక్కిన మనిషి మూడోరోజుకల్లా ఫ్రాన్సుకు పోయి ఎలా తిరిగి వస్తాడో దానికి ఎంత ఆలోచించినా అర్థమయ్యేది కాదు. అడగడానికి భయం. ఆయన తెచ్చిన పారీ మిఠాయిలు చెరి సగం పంచుకొని, ఇవి పారిస్ మిఠాయిలని మా ఈడు పిల్లలకు గొప్పగా చెప్పుకొనేవాళ్ళం.

మాది నెల్లూరు జిల్లాలో బకింగ్‌హాం కాలువ గట్టున ఉన్న చిన్న పల్లె. మా తాత కాలంలో మద్రాసు సరుకంతా ఆ కాలువ మీదనే పడవల్లో వచ్చేది. కట్టెలు, బొగ్గులు, ఉప్పు, ధాన్యం మద్రాసుకు పోయేవి. గుడ్డలు, దీపాలు, అగ్గిపెట్టెలు, పుస్తకాలు ఇటు వచ్చేవి. ఆ కాలువ చరిత్ర మన సంఘాల పెద్దలకు తెలిసినదే. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువును మన పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పుడు కూలిజనానికి పని కల్పించాలని ప్రభుత్వం ఈ కాలువలో కొంత భాగం తవ్వించింది. ఒంగోలులో సేవ చేస్తున్న క్లౌ దొరగారు మూడున్నర మైళ్ళ తవ్వకం తానే కంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్న వేలాది మందికి కూలి దొరికేలా చేశారు. పడవలు ఆగే రేవు దగ్గర మా తాత ఒక పూరిపాక వేసి అంగడి పెట్టాడు. తరువాత మా నాయన దానికి పెంకులు వేయించారు. ఊరంతటికీ అదే మూలఅంగడి. ఎక్కడో మద్రాసు సముద్రపుటొడ్డున ఉన్న ఒక పెద్ద మూల, మా ఊరి చిన్న మూలకు సరుకు పంపేదన్నమాట.

1962లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మా నాయన నన్ను మొదటిసారి ఆ మూలకు తీసుకొనిపోయారు. సెంట్రల్ స్టేషనులో దిగి నడుచుకొంటూ వెళ్ళాం. అండర్సన్ వీధిలో నోటుపుస్తకాలకు కాగితం, దేవరాజ మొదలి వీధిలో అద్దాలు, దువ్వెనలు కొన్నాం. మూటలు కట్టించిన తరువాత ఆయన నన్ను ఒక పెద్ద తెల్ల మేడ ముందు నిలబెట్టి, "ఇది పారిస్ కాదురా, పారీ. పారీ అని ఒక దొర పేరు. ఆయన కంపెనీ ఇది. మన జనం నోట్లో పడి పారిస్ అయింది" అన్నారు. నాకు కొంచెం దిగులు వేసింది. ఆ రాత్రి హైకోర్టు గోపురం మీద లైట్‌హౌసు దీపం తిరుగుతుంటే చూసి ఆ దిగులు మరచిపోయాను.

ఇవన్నీ జ్ఞాపకాలే. అరవై ఏళ్ళ తరువాత మళ్ళీ ఆ మూలకు ఎందుకు పోవలసివచ్చిందో చెప్పాలంటే, నాకు సిగ్గు కలిగించే సంగతి ఒకటి చెప్పాలి.

నేను బడిపంతులుగా పని చేసి రిటైరైనవాణ్ణి. 1997లో మా దగ్గరి టౌనులో ఒక ఫైనాన్సు కంపెనీ రాత్రికి రాత్రి తలుపులు మూసింది. మా అక్క భర్త, అంటే మా బావ, ఆ కంపెనీకి మా వైపు ఏజెంటు. పెద్దపిల్ల పెళ్ళికని నేను కూడబెట్టిన నలభై వేల రూపాయలు ఆయన మాట మీద అందులో వేశాను. అంతా పోయింది. బావ తన ఎకరా ముప్పై సెంట్ల మాగాణి అమ్మి కూలివాళ్ళకు, విధవరాళ్ళకు కొంత కొంత కట్టాడు. నా వంతు రాలేదు. "మాస్టారు మనవాడే కదా, ఆగుతాడు" అన్నాడట. ఆ మాట నాకు చేరింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, గుడి వాకిట్లో, అందరూ చెప్పులు వేసుకొంటుండగా, నేను ఆయనను దొంగ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మా అక్క నన్ను ఒక్కసారి చూసి తల దించుకొని వెళ్ళిపోయింది.

తరువాత ఆ కుటుంబం నాలుగు మైళ్ళ అవతల వేరే సంఘానికి పోవడం మొదలుపెట్టింది. అయ్యగారు రెండుసార్లు ఇద్దరినీ కూర్చోబెట్టాలని చూశారు. నేను వెళ్ళలేదు. పిల్ల పెళ్ళి అప్పు చేసి చేశాను. అప్పు తీరింది గాని, కోపం తీరలేదు. అలా ఇరవై ఐదేళ్ళు గడిచాయి.

2022 నవంబరులో మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, నాన్నను మద్రాసు ఆసుపత్రిలో చేర్పించాం. మిమ్మల్ని రమ్మని అమ్మ చెప్పలేదు. నేనే చెబుతున్నాను" అన్నాడు. నేను ఊఁ అని పెట్టేశాను. పక్కనే ఉన్న నా భార్య విన్నది. "పోయి రండి. మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఒకసారి కనబడి రండి" అన్నది.

సెంట్రల్‌లో దిగేసరికి ఉదయం తొమ్మిదయింది. ఆసుపత్రిలో పైవాళ్ళను సాయంత్రం నాలుగుకు గాని లోపలికి పోనివ్వరు. నిజం చెప్పాలంటే, ఆ ఏడు గంటల వ్యవధి దొరికినందుకు నాకు సంతోషమే అయింది. ఎక్కడికి పోవాలా అని ఆలోచించనక్కరలేకుండా కాళ్ళు తూర్పువైపు సాగాయి.

స్టేషను ప్రక్కనే ఒకప్పుడు మూర్ మార్కెట్టు ఉండేది. 1900లో కట్టడం పూర్తయిన ఆ ఎర్ర బజారులో పాత పుస్తకాల కొట్లు ఎన్నో ఉండేవి. 1962లో మా నాయన నాకు అక్కడనే ఒక పాత అట్లాసు కొనిపెట్టారు. అందులోనే పారిస్ ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించారు. 1985 మే నెలలో ఆ బజారు కాలిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు లోకల్ రైళ్ళ స్టేషను ఉంది. దానికి కొంచెం దూరంలో మా ఊరి కాలువే కనబడింది. బకింగ్‌హాం కాలువ! నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. 1965, 66 తుపానులకు, మళ్ళీ 1976 తుపానుకు గట్లు దెబ్బ తిని, ఈలోగా లారీలు వచ్చి, పడవలు నిలిచిపోయాయి. మా రేవు అలాగే పోయింది. రేవుతో మా అంగడి కూడా పోయింది. 1979లో మా నాయన తలుపు మూసి తాళం నాకిచ్చారు. ఇప్పుడు ఆ చోట తుమ్మచెట్లు ఉన్నాయి.

జనరల్ ఆసుపత్రి దాటి, లా కాలేజీ దాటి, హైకోర్టు ఎదుటి రోడ్డుకు చేరాను. మేము పిల్లలప్పుడు ఎస్‌ప్లనేడ్ అని విన్న ఆ రోడ్డు ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోసు రోడ్డు. ఎడమచేతివైపు వచ్చే బ్రాడ్‌వే వీధి కథ విచిత్రమైనది. 1780ల ప్రాంతంలో స్టీఫెన్ పోఫాం అనే ఇంగ్లీషు లాయరు అక్కడి మురికి పల్లాన్ని పూడ్పించి వీధి వేయించాడు. అందుకని దానికి పోఫామ్స్ బ్రాడ్‌వే అని పేరు. ఇప్పుడది మన ప్రకాశం పంతులుగారి పేరున ప్రకాశం సాలై. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమన్ కమిషన్ వచ్చినప్పుడు పోలీసు కాల్పులలో ఒక మనిషి చనిపోతే, ఆ శవాన్ని చూడకుండా వెనుకకు పోనని ప్రకాశంగారు తుపాకుల ముందు చొక్కా విప్పి రొమ్ము చూపినది ఈ మూలకు దగ్గరలోనే. పోఫాం పేరు ఇప్పుడు ఎందరికి తెలుసు? ఆయన వేసిన దారిలో మాత్రం రోజూ వేలమంది నడుస్తున్నారు.

ఆ వరుసలోనే అండర్సన్ చర్చి ఉంది. స్కాట్లండు నుండి వచ్చిన జాన్ అండర్సన్ అనే మిషనెరీ 1837లో మొదలుపెట్టిన బడే తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. విలియం మిల్లర్ గారి కాలంలో దక్షిణదేశమంతటి నుండి విద్యార్థులు ఇక్కడికి వచ్చేవారు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు చదువుకొన్నదీ ఇక్కడే. 1937లో కాలేజీ తాంబరం తరలిపోయింది. పాఠాలు వినిపించిన చోట ఇప్పుడు బేరాలు వినిపిస్తున్నాయి. దానికి కొంచెం ముందుకు వై.ఎం.సి.ఏ. వారి ఎర్రరాయి భవనం ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణపు వర్తకుడు జాన్ వానమేకర్ ఇచ్చిన డబ్బుతో లేచి, 1900లో తెరవబడింది. దాన్ని కట్టినది నంబెరుమాళ్ శెట్టిగారు. ఎదుట ఉన్న హైకోర్టును కట్టిన కంట్రాక్టరు కూడా ఆయనే. 1892లో హైకోర్టు తెరిచారు.

అలా నడిచి నడిచి చివరకు ఆ మూలకు వచ్చాను. పారీ కంపెనీవారి డేర్ హౌస్ అలాగే ఉంది. 1940లో కట్టిన మేడ అది. నా కంటే పెద్దది, నా కంటే బాగానే ఉంది. ఎదురుగా హైకోర్టు ఆవరణలో 1844 నాటి పాత లైట్‌హౌసు స్తంభం ఉంది. మా నాయన నాకు చూపించిన గోపురం దీపం అలాంటివాటిలో తరువాతిది. 1894 నుండి వెలిగి, 1977లో మెరీనాలో కొత్త లైట్‌హౌసు రాగానే ఆరిపోయింది. ఒక బడ్డీకొట్టు దగ్గర టీ తీసుకొని, అరుగు మీద కూర్చొన్నాను. కూర్చొని, నూట యాభై ఏళ్ళ క్రితం ఇదే చోట కూర్చొన్నవాడికి ఏమి కనబడేదా అని ఆలోచించాను.

మొదట కనబడేది సముద్రం. హార్బరు కట్టక మునుపు అలలు దాదాపు ఈ వీధి దాకా వచ్చేవి. ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరంగా లంగరు వేసుకొని నిలబడేవి. మనుషులను, సరుకును మసూలా పడవలలో తేవలసిందే. ఆ పడవకు ఒక్క మేకు ఉండదు. పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ ఆ అలల దెబ్బకు పగిలిపోయేది, కుట్టిన పడవ వంగి నిలిచేది. గవర్నరైనా, మిషనెరీ అయినా ఆ పడవవాళ్ళ చేతుల మీదుగానే మద్రాసు నేల మీద అడుగు పెట్టారు. హార్బరు వచ్చాక ఆ వృత్తి ఇక్కడ అవసరం లేకపోయింది.

తరువాత కనబడేవి నీలిమందు పెట్టెలు. మన కడప, నెల్లూరు జిల్లాలలో ఒకప్పుడు ఎటు చూసినా నీలిచేలు ఉండేవి. ఆకు నానబెట్టి, కలియబెట్టి, పేరిన మడ్డిని ఆరబెట్టి, ముక్కలు కోసి పెట్టెలకెత్తి మద్రాసు ఓడరేవుకు పంపేవారు. 1897లో జర్మనీలోని బి.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీ రసాయనాలతో చేసిన నీలిరంగును బజారులో పెట్టింది. కొద్ది సంవత్సరాలలోనే నీలిచేల వ్యాపారం కుంగిపోయింది. ఎవరో ఎక్కడో ఒక గాజుపాత్రలో రంగు చేస్తే, మన పల్లెల్లో నీలితొట్లు ఎండిపోయాయి.

దుబాషీలు కనబడేవారు. దొరల భాష, మన భాష రెండూ తెలిసి, మధ్య నిలబడి బేరం కుదిర్చేవారు. వారిలో తెలుగువారు చాలామంది. ఈ మూల వెనుకనున్న వీధులకు తంబుశెట్టి, లింగిశెట్టి అని వర్తకుల పేర్లే ఉన్నాయి. 1914లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను దినపత్రికగా మొదలుపెట్టినదీ ఈ ప్రాంతంలోనే. 1991లో ఆ పత్రిక నిలిచిపోయింది. వెనుకనున్న ఆర్మేనియన్ వీధిలో బిన్నీ కంపెనీ ఉండేది. బిన్నీ గుడ్డ అంటే మా నాయన అంగడిలో ఎంత పేరో! మేము బడికి వేసుకొన్న ఖాకీ నిక్కర్లు బిన్నీవే. మోకాళ్ళు చిరిగేవి గాని నిక్కరు చిరిగేది కాదు. వాళ్ళ బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు 1996లో మూతబడ్డాయి. 1895లో మొదలైన ట్రాములు ఈ రోడ్ల మీద గంట కొట్టుకొంటూ తిరిగి, 1953లో ఆగిపోయాయి. మా నాయన ట్రాము టిక్కెట్టు ఒకటి చాలాకాలం జేబుపుస్తకంలో దాచుకొన్నారు.

పారీ సంగతేమిటి? థామస్ పారీ వేల్సు దేశస్థుడు. 1788లో మద్రాసు వచ్చి వ్యాపారం పెట్టాడు. 1824లో పోర్టోనోవోలో కలరా తగిలి చనిపోయాడు. ఈ మేడకు పేరిచ్చిన డేర్ ఆయన భాగస్వామి. 1981లో ఆ కంపెనీ మురుగప్ప కుటుంబంవారి చేతికి వచ్చింది. మేము పారిస్ మిఠాయిలనుకొన్న ఆ మిఠాయిల వ్యాపారాన్ని 2004లో కొరియా దేశపు లొట్టే కంపెనీ కొన్నది. దొర పోయాడు, దొరతనం పోయింది, కంపెనీ చేతులు మారింది. బస్సు కండక్టరు మాత్రం ఇప్పటికీ "పారిస్, పారిస్" అని కేక వేస్తూనే ఉన్నాడు.

టీ గ్లాసు ఇచ్చేసి, ఉత్తరంగా రాజాజీ సాలై మీద కొన్ని అడుగులు వేశాను. పాత పేరు ఫస్టులైన్ బీచి. కొంచెం దూరంలోనే ఇండియన్ బ్యాంకు భవనం. 1962లో మా నాయన ఆ చోటే నిలబడి నాకొక కథ చెప్పారు. అప్పుడు సగమే అర్థమైంది. ఈ మధ్య పుస్తకాలలో చదివాక మిగతా సగం తెలిసింది.

పంతొమ్మిదవ శతాబ్దంలో మద్రాసులో పారీ, బిన్నీ, అర్బత్‌నాట్ అని మూడు పెద్ద ఇంగ్లీషు కంపెనీలు ఉండేవి. మూడింటిలోనూ నమ్మకానికి అర్బత్‌నాట్ పెట్టింది పేరు. వర్తకంతోపాటు బ్యాంకు పనీ చేసేది. జమీందారులు, ఉద్యోగస్థులు, పింఛనుదార్లు, విధవరాళ్ళు, గుడుల నిధులు, పిల్లల పెళ్ళికని దాచుకొన్న డబ్బులు అన్నీ అక్కడికే. దొరల కంపెనీ, వందేళ్ళ కంపెనీ, ఎక్కడికి పోతుంది అనే ధైర్యం. 1906 అక్టోబరు 22వ తేదీన ఆ కంపెనీ దివాలా తీసింది. వేలాది కుటుంబాలు వీధిలో పడ్డాయి. లండనులో ఉన్న భాగస్వామి రైలు కింద పడి ప్రాణం తీసుకొన్నాడు. మద్రాసులో సర్ జార్జి అర్బత్‌నాట్‌ను కోర్టులో నిలబెట్టి, 1907లో పద్దెనిమిది నెలల కఠినశిక్ష వేశారు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. లాయరు వి. కృష్ణస్వామి అయ్యరుగారు, మరికొందరు పెద్దలు కలిసి, మనవాళ్ళ డబ్బుకు మనవాళ్ళే కాపలా ఉండాలని తలపెట్టారు. 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు తెరిచారు. అర్బత్‌నాట్ కంపెనీ ఉన్న చోటనే తరువాత ఆ బ్యాంకు తన భవనం కట్టుకొంది. మా నాయన చెప్పదలచుకొన్నది బహుశా ఇదే. "మునిగినచోటే మళ్ళీ మొలిచింది చూడరా" అన్నారు.

ఆ మాట నేను చాలాసార్లు బడిలో పిల్లలకు చెప్పాను. ఆ రోజు మాత్రం నాకు వేరొక ఆలోచన వచ్చింది. పెద్దదొర జైలుకు పోయాడని పుస్తకాలు రాస్తాయి. బ్యాంకు పెట్టినవారి పేర్లు రాస్తాయి. మరి మధ్యలోనివాళ్ళు? "దొరల కంపెనీ అండీ, నిక్షేపంగా వేయండి" అని ఇరుగుపొరుగు ఇళ్ళకు చెప్పిన గుమాస్తాలు, చేయి పట్టుకొని చుట్టాన్ని కౌంటరు దాకా తీసుకొచ్చిన మనుషులు? వాళ్ళు దొంగలు కారు. వాళ్ళ డబ్బూ అందులోనే పోయి ఉంటుంది. అక్టోబరు 22 సాయంత్రం వాళ్ళు ఏ మొహంతో ఇంటికి పోయి ఉంటారు? మరుసటి ఆదివారం గుడికో, శుక్రవారం మసీదుకో, పండుగకు పుట్టింటికో ఎలా పోయి ఉంటారు? ఎంతమంది బావమరుదులు వాళ్ళను వాకిట్లో నిలబెట్టి దొంగా అని ఉంటారు?

ఆ ప్రశ్న దగ్గర నేను నిలబడిపోయాను. ఇరవై ఐదేళ్ళలో ఒక్కసారైనా, ఆ కంపెనీ మూసిన రాత్రి మా బావ నిద్రపోయాడా అని నేను అడగలేదు. పొలం అమ్మి కట్టినవాడు దొంగ ఎలా అవుతాడని నాకు నేనే చెప్పుకోలేదు. నా వంతు ఇవ్వలేదని లెక్క పెట్టుకొన్నాను గాని, నన్ను తనవాడని అనుకొన్నందుకే నన్ను చివరకు పెట్టాడని అనుకోలేదు. కూలివాళ్ళు, విధవరాళ్ళు ముందు అన్నాడు. మన ప్రభువు బోధ విన్నవాడెవడైనా ఆ వరుస తప్పని ఎలా అనగలడు? నేను మాత్రం గుడి వాకిట్లోనే నిలబడి తప్పన్నాను.

ధాన్యం నిలువ చేయడానికి పెద్ద కొట్లు కట్టాలని రాత్రంతా లెక్కలు వేసుకొని, తెల్లవారకుండానే పోయిన ధనవంతుని ఉపమానం మనందరికీ తెలుసు. అది ధనవంతుల కోసం చెప్పినదని నేను అనుకొనేవాణ్ణి. నలభై వేల రూపాయల కోపాన్ని ఇరవై ఐదేళ్ళు కొట్టులో దాచుకొన్న బడిపంతులుకు కూడా అది వర్తిస్తుందని ఆ మూల మీద నిలబడ్డాక తెలిసింది. ఇన్ని కంపెనీలు పోయాయి, ఇన్ని పేర్లు మారాయి, సముద్రమే వెనుకకు తగ్గింది. నా కోపమొక్కటి మాత్రం ఇంచి కూడా తగ్గకుండా నిలబడి ఉంది!

మూడున్నరయింది. తిరిగి వస్తూ ఒక చిన్న కొట్టు ముందు ఆగి, గాజుసీసాలో ఉన్న కాఫీబైట్ మిఠాయిలు ఒక పొట్లం కట్టించుకొన్నాను. కాగితం మీద లొట్టే అని ఉంది.

ఆసుపత్రిలో మూడో అంతస్తు. వరండా బల్ల మీద మా అక్క కూర్చొని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నన్ను చూసి లేవలేదు, పలకరించలేదు. నేను ప్రక్కన కూర్చొని పొట్లం చేతిలో పెట్టాను. విప్పి చూసింది. కాసేపటికి, "పారిస్ కార్నర్ పోయావా?" అన్నది.

"పోయానక్కా."

"పారీ అని లేదే దీని మీద?"

"కంపెనీ చేతులు మారిందక్కా."

ఒకటి విప్పి సగం కొరికి, మిగతా సగం నాకిచ్చింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. చిన్నప్పుడు చేసినట్టే చేసింది. తరువాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకొంది.

లోపల బావ పడుకొని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. కళ్ళు తెరిచి, గుర్తుపట్టి, "ఏం మాస్టారూ, ఇంత దూరం వచ్చారే" అన్నాడు. నేను ఎన్నో మాటలు కూర్చుకొని వెళ్ళాను. ఒక్కటీ రాలేదు. ఆయన చెయ్యి పట్టుకొని, "ఆ రోజు గుడి దగ్గర నేనన్న మాట తప్పు బావా. నన్ను క్షమించండి" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తలగడ కింద చెయ్యి పెట్టమని సైగ చేశాడు. ఒక పాత డైరీ ఉంది. అందులో 1997 నాటి పేర్లన్నీ ఉన్నాయి. చాలా పేర్లకు అడ్డగీత కొట్టి ఉంది. గీత కొట్టని పేర్లలో మొదటిది నాది. ఎదుట నలభై వేలు అని అంకె. దాని కింద ఏటేటా, ఆయన చేతిరాతతో, అప్పుడు ఐదు వందలు, ఇప్పుడు వెయ్యి అని విడివిడిగా దాచిన లెక్క. మొత్తం పదకొండు వేల చిల్లర అయింది. "సగం కూడా కాలేదు మాస్టారూ" అన్నాడు.

ఆయన జేబులోని కలము తీసుకొని నేనే నా పేరు మీద గీత కొట్టాను.

ఆయన మరుసటి సంవత్సరం వేసవిలో ప్రభువు సన్నిధికి వెళ్ళారు. ఆ మధ్య ఉన్న ఏడు నెలలలో ఎన్నో ఆదివారాలు మేమిద్దరం మళ్ళీ ఒకే బల్ల మీద కూర్చొన్నాం. అది దేవుడు నాకిచ్చిన ధనమే అనుకొంటాను. ఇప్పుడు అక్క మా ఇంటికి వస్తూ పోతూ ఉంది. మొన్న కాలువగట్టున తుమ్మచెట్ల మధ్య నడుస్తూ, మా అంగడి అరుగురాయి ఒకటి ఇంకా మట్టిలో ఉందని అదే కనిపెట్టింది. ఇద్దరం దాని మీద కాసేపు కూర్చొన్నాం.

చదువరులారా, మీ ఊళ్ళోనూ ఇలాంటి మూల ఒకటి ఉంటుంది. మూతబడిన అంగడో, పాడుబడిన రేవో, బస్సులు ఆగని రచ్చబండో. పోయిన వ్యాపారాలను తిరిగి తేలేము. మూసిన తలుపుల వెనుక ఇంకా బ్రతికి ఉన్న మనిషి ఎవరైనా ఉంటే, ఆలస్యం చేయకుండా ఒకసారి వెళ్ళి కనబడి రండి.